కంపెనీ కోళ్ళు

షెడ్డు కట్టకముందు ఆవిడకి సొంతంగా ఒక పిలుపంటూ లేదు. ఫలానా ముసలమ్మ కోడలు, ఫలానా వాడి భార్య, అంతే. రెండెకరాల రాళ్ళ మెట్టలో నూటయాభై అడుగుల రేకుల షెడ్డు లేచాక ఊరంతా షెడ్డక్క అనడం మొదలుపెట్టింది. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. మొదట్లో సిగ్గుపడేది. తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెంటనే పలికేది కాదు.

నేనప్పుడు పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. ఆసుపత్రి తారురోడ్డు పక్కన ఉండేది. అక్కణ్ణుంచి వాళ్ళ ఊరికి పన్నెండు కిలోమీటర్ల మట్టిబాట, మధ్యలో ఒక వాగు. బస్సు లేదు. పాల వ్యానూ, కంపెనీ లారీ తప్ప ఆ బాట ఎక్కే బండి లేదు. అంత మారుమూలకి కంపెనీ ఎందుకొచ్చిందని మీకు అనుమానం రావచ్చు. సూపర్‌వైజర్ చెప్పిన కారణం, చుట్టుపక్కల వేరే షెడ్లు లేవు కాబట్టి రోగాలు అంటుకోవని. అది నిజమే. అక్కడ కోళ్ళు కొనే మరో వ్యాపారి కూడా లేడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు.

సూపర్‌వైజర్ కుర్రతనం వదలని మనిషి, నవ్వు మొహం, ఇస్త్రీ చొక్కా. వాళ్ళింటి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగి మరీ చెప్పాడట. "కోడిపిల్లలు మావి, మేత మాది, మందులు మావి. షెడ్డు, నీళ్ళు, కరెంటు, ఊక, రెక్కల కష్టం మీవి. నలభై రెండు రోజులు సాకండి. లారీ వస్తుంది, కిలోకి ఇంతని మీ చేతిలో పెట్టి ఎత్తుకుపోతుంది. బజారులో ధర పెరిగిందా తగ్గిందా మీకనవసరం. హాయిగా నిద్రపోవచ్చు."

వాన కోసం ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టేసిన వాళ్ళకి ఆ చివరి మాట బాగా నచ్చింది. పొలం తాకట్టు పెట్టి షెడ్డు వేశారు. ఎనిమిది పేజీల ఒప్పందం మీద భర్త సంతకం చేశాడు. ఆయన మెతక మనిషి, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. కాగితం చదివావా అని ఎవరో అడిగితే, "ఎనిమిది పేజీలు రాసినవాడు మన మీద ఎంత శ్రద్ధ పెట్టి ఉంటాడో చూడు" అన్నాడట.

శ్రద్ధంటే ఏమిటో నేను షెడ్డక్క దగ్గర చూశాను. నాలుగు వేల పిల్లలు వచ్చిన మొదటి పది రోజులు ఆవిడ షెడ్డులోనే ఉండేది. బల్బుల కింద పిల్లలు గుంపుగా ముడుచుకుంటే చలి, దూరంగా పారిపోతే వేడి. కళ్ళు మూసుకుని చప్పుడు విని కూడా చెప్పగలిగేది, ఏ మూల ఏం తక్కువైందో. ఎండాకాలం గోనె పట్టాలు తడిపి కట్టేది. కోళ్ళ కింద పరిచిన ఊక తిరగేసేటప్పుడు లేచే ఘాటుకి నా కళ్ళు మండిపోయేవి, ఆవిడ మాత్రం ఇంట్లో కూర తాలింపు దగ్గర నిలబడ్డట్టు నిలబడేది. నీరసంగా ఉన్న పిల్లని జేబురుమాలులో చుట్టి పట్టుకుని నా దగ్గరికి వచ్చేది. బయటి డాక్టర్లని పిలవకూడదని ఒప్పందంలో ఉందట.

"నేను డాక్టర్ని కాదులే, కాంపౌండర్ని. చెల్లుతుంది" అనేవాణ్ణి.

ఆవిడ ఐదో తరగతి దాకా చదివింది. షెడ్డు గుమ్మానికి ఒక కార్డు వేలాడేది. రోజూ ఎన్ని చచ్చాయి, ఎన్ని బస్తాల మేత వేశారు, అన్నీ అందులో రాయాలి. ముత్యాల్లాంటి అక్షరాలు. సూపర్‌వైజర్ ఆ కార్డు తీసుకెళ్ళి వేరే ఊళ్ళలో చూపించేవాడు, చూడండి కార్డంటే ఇలా ఉండాలని.

ఇంట్లో చిక్కు ఒక్కటే, అత్తగారు. ముసలమ్మకి బ్రహ్మచెవుడు. ఎప్పుడు చూసినా అదే గొడవ.

"ఏమే, నాలుగు వేల కోళ్ళున్నాయి. నాకో కాలు ముక్క పెట్టలేవూ?"

"అవి మనవి కావత్తా."

"ఏంటీ?"

"మనవి కావూ!"

"మరెవరు పెంచారే?"

భర్త పగలబడి నవ్వేవాడు. షెడ్డక్క నవ్వేది కాదు. వారానికోసారి పాల వ్యానువాడికి చెప్పి బజారు నుంచి అరకిలో మాంసం తెప్పించి అత్తకి వండిపెట్టేది. ఆరు బ్యాచ్‌లు అలాగే గడిచాయి. ఆ ఏడాదిలో ఒక్క కోడిని కూడా వాళ్ళు ముట్టుకోలేదు. ఊళ్ళో వాళ్ళు పిచ్చిది అన్నారు. భర్తకి దగ్గు పట్టుకుంది. ఊక దుమ్మేలే, పోతుంది అనుకున్నారు.

ఏడో బ్యాచ్ ఎండలు ముదిరే వేళకి చేతికొచ్చింది. ఎక్కడో దూర దేశంలో కోళ్ళకి రోగమని టీవీలో చూపించారు. జనం కోడి తినడం మానేశారు, బజారులో ధర పడిపోయింది. నలభై రెండో రోజు లారీ రాలేదు. ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ "రేపమ్మా" అన్నాడు. మర్నాడూ అదే మాట. నలభై ఐదో రోజు ఉదయం షెడ్డక్క చివరి బస్తా అడుగు దులిపి డబ్బాల్లో పోసింది. మేత పంపమంటే, "లారీయే వచ్చేస్తుంటే మేత ఎందుకమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆ కోళ్ళ సంగతి తెలియని వాళ్ళకి ఒక మాట చెప్పాలి. అవి పెరట్లో తిరిగే కోళ్ళ లాంటివి కావు. తినడం, బరువెక్కడం తప్ప వాటికింకేం రాదు. ఒక పూట మేత తప్పితే తట్టుకోలేవు.

మొదటి రోజు అరిచాయి. ఆ అరుపు ఊరి చివరి దాకా వినిపించిందట. షెడ్డక్క ఇంట్లో ఉన్న బియ్యం, విత్తనానికి దాచిన జొన్నలు తెచ్చి చల్లింది. ఇరుగుపొరుగు ఇళ్ళకి వెళ్ళి తవుడు అడిగింది. నాలుగు వేల నోళ్ళకి అది ఏ మూలకి? రెండో రోజు అరుపు సన్నబడింది. మూడో రోజు పొడుచుకోవడం మొదలైంది. ఒక కోడి తోక దగ్గర నెత్తురు చుక్క కనబడితే చాలు, చుట్టూ ఉన్నవన్నీ దాని మీద పడేవి. అది ఇంకా కదులుతుండగానే పేగులు లాక్కుని పరుగెత్తేవి. షెడ్డక్క చీపురుకట్ట పట్టుకుని విడదీస్తూ షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగింది. ఒక చోట విడదీస్తుంటే ఇంకోచోట గుంపు కట్టేవి.

"తలుపులు తీసెయ్యవే, ఎక్కడికైనా పోయి బతుకుతాయి" అన్నాడు భర్త.

"పది అడుగులు నడవలేవు. బయట కుక్కలున్నాయి."

ఊళ్ళో వాళ్ళు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. "ఎలాగూ చచ్చేవే కదా, తలా ఒకటి ఇవ్వు" అన్నారు. ఆవిడ తలుపుకి అడ్డంగా నిలబడింది. పక్క పొలం రైతు, రోజూ పలకరించేవాడు, ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పాల వ్యానెక్కి, తారురోడ్డు మీద బస్సు పట్టుకుని కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. చల్లటి గదిలో గాజు బల్ల ముందు మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. ఒళ్ళంతా షెడ్డు వాసన. పక్కన కూర్చున్నాయన లేచి దూరపు కుర్చీలోకి మారాడట. చివరికి మేనేజర్ పిలిచాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆ మాటలు ఆవిడ నాకు ఎన్నిసార్లు చెప్పిందో, నాకు కంఠతా వచ్చేశాయి.

"లారీ ఎప్పుడొస్తుందండీ?"

"ధర రావాలమ్మా. ఇప్పుడెత్తితే కంపెనీకి నష్టం."

"మరి మేత?"

"మీ బ్యాచ్‌కి ఇవ్వాల్సిన మేత అంతా ఇచ్చాం. ఎక్స్‌ట్రా కావాలంటే హెడ్డాఫీసు ఒప్పుకోవాలి."

"నేను కొన్ని అమ్మి మేత కొననా?"

"కోళ్ళు కంపెనీవి. అమ్మితే దొంగతనం కిందికొస్తుంది."

"పోనీ చంపి పూడ్చెయ్యనా? చూడలేకపోతున్నానండీ."

"అయ్యో, అలా ఎలా? ఆస్తి నష్టం కదా."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"వెయిట్ చెయ్యండి."

ఆవిడ వెయిట్ చెయ్యలేదు. ఇంటికొచ్చేసరికి భర్త ఒక్కడే చచ్చిన కోళ్ళని తట్టలకెత్తి గోతిలో పోస్తున్నాడు, దగ్గు తెరలకి ప్రతి తట్టకీ ఒకసారి కూర్చుంటున్నాడు. తారురోడ్డు మీది మాంసం కొట్టువాడికి కబురు పెట్టింది. వాడు ముప్పై కోళ్ళు మోటారు సైకిలుకి తలకిందులుగా కట్టుకుపోయి, దానికి బదులు ఆరు బస్తాల తవుడూ నూకలూ పంపించాడు. ఆ ఒక్క పూటకి షెడ్డు సద్దుమణిగింది. షెడ్డక్క కార్డు దగ్గరికెళ్ళి రాసింది: నలభై తొమ్మిదో రోజు. చనిపోయినవి నూట డెబ్భై. ముప్పై కోళ్ళు ఇచ్చి తవుడు తీసుకుని వేశాను.

భర్త చెయ్యి పట్టుకున్నాడు. "రాయకే. చచ్చినవాటిలో కలిపెయ్. ఎవడు చూడొచ్చాడు?"

"ఒక్క అబద్ధం దొరికితే మిగతాదంతా అబద్ధమే అంటారు" అంది ఆవిడ.

నన్ను పిలిచింది ఆ మర్నాడే. ఆదివారం. నేను వెళ్ళేసరికి గోతి నిండి, పక్కన ఇంకోటి తవ్వుతున్నారు. ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాను. చచ్చిన కోళ్ళలో మూడింటిని కోసి చూశాను. రోగం లేదు. గొంతు కింది తిత్తి ఖాళీ. కందనకాయలో ఊక, ఈకలు, ఒకదానిలో గోనె పీచు. ముసలమ్మ అరుగు మీద నుంచి కేకేసింది. "ఒక్కటి ఇటివ్వవయ్యా, ఎలాగూ కోశావుగా!" ఎవరికీ నవ్వు రాలేదు.

"మీరు చూసింది కాగితం మీద రాసిస్తారా?" అంది షెడ్డక్క. "రోగంతో చావలేదని. నేను చూసుకోక చావలేదని."

నాకు రాసే అధికారం లేదు. డాక్టరు గారు సెలవులో ఉన్నారు. అయినా ఆసుపత్రి కాగితం మీద, ముద్ర వేసి రాశాను: పరీక్షించిన కోళ్ళలో వ్యాధి లక్షణాలు లేవు, మేత లేక ఆకలితో చనిపోయాయి. జీవితంలో రాసిన కాగితాలన్నిటిలోనూ అంత నిజమైన కాగితం ఇంకోటి లేదని ఆ రోజు గర్వపడ్డాను. ఆవిడ దాన్ని చెంగులో కట్టుకుంది.

యాభై మూడో రోజు లారీ వచ్చింది. ధర లేచింది. బతికున్నవి పందొమ్మిది వందలు. కూలీలు రెక్కలు పట్టి విసిరి పెట్టెల్లో కుక్కారు. సూపర్‌వైజర్ ఈసారి మంచినీళ్ళు అడగలేదు. షెడ్డక్క తనంతట తానే కార్డు తీసిచ్చింది, చెంగు విప్పి నా కాగితం కూడా ఇచ్చింది. ఆయన రెండూ జాగ్రత్తగా మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు.

వారం తిరక్కుండా స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. కంపెనీ ఫిర్యాదు చేసింది. పంపిన మేత దొంగతనంగా అమ్ముకుని కోళ్ళని ఆకలికి మాడ్చి చంపారట. సాక్ష్యం, ఆకలితో చచ్చాయని ఆసుపత్రి కాగితం. పైగా కోళ్ళు కూడా అమ్ముకున్నారట. సాక్ష్యం, ఆవిడ చేతిరాత. లారీ ఆలస్యం మాటేమిటంటే, ఒప్పందం ఆరో పేజీలో ఉందట: కంపెనీకి వీలైనప్పుడు ఎత్తును.

ఆవిణ్ణి పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టేషన్ వరండాలో నేల మీద కూర్చోబెట్టారు. వచ్చేపోయే కానిస్టేబుళ్ళు "ఎవరీవిడ?" అనడం, "కోడి దొంగ" అని లోపల్నుంచి జవాబు రావడం, నవ్వులు. ఒకాయన కోడిలా కూసి చూపించాడు. ఆవిడ తల దించుకుని గోతుల్లో చల్లినప్పుడు చేతి గోళ్ళలో ఇరుక్కున్న సున్నం తీసుకుంటూ కూర్చుంది. భర్త గేటు బయట నిలబడ్డాడు. ఆయన పేరు మీద ఒప్పందం కాబట్టి ఆయన్నీ లోపలికి పిలిచారు, సంతకం పోల్చుకుని పొమ్మన్నారు.

నన్నూ పిలిచారు. ఎస్సై దుర్మార్గుడేం కాదు, పని తెమలాలనుకునే మనిషి.

"ఇది మీరు రాసిందేనా?"

"అవునండీ. కానీ మేత కంపెనీయే..."

"ఆకలితో చచ్చాయనే కదా రాశారు?"

"అవును, అయితే..."

"చాలు. సంతకం పెట్టండి."

పెట్టాను. బయటికొచ్చి ఆవిడ ముందు నిలబడ్డాను. ఆవిడే అంది, "మీరు ఉన్నదే రాశారు. నేనూ ఉన్నదే రాశాను." కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నాకు కొంత తేలికయ్యేది. తర్వాత డాక్టరు గారు నన్ను పిలిచి, లేని అధికారం నెత్తిన వేసుకున్నందుకు నానా చీవాట్లు పెట్టారు. ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను, నిజం చెప్పాలంటే ఆవిడ గురించి కంటే ఆ భయమే ఎక్కువగా ఉండింది ఆ రోజుల్లో.

చివరికి కంపెనీవాళ్ళే దయ తలిచారు. కేసు వెనక్కి తీసుకుంటారు, బదులుగా మూడు బ్యాచ్‌లు కూలీ లేకుండా పెంచిపెట్టాలి. పొలం తాకట్టులో ఉంది, షెడ్డు రేకులు విప్పి అమ్మినా తాకట్టు తీరదు. ఇద్దరూ సంతకం పెట్టారు.

ఇంటికొచ్చాక భర్త ఆవిడతో మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఆ కార్డు మీద రాయొద్దని చెయ్యి పట్టుకున్నాక కూడా రాసింది కదా, ఇక చెప్పడానికేముందన్నట్టు ఊరుకున్నాడు. నవ్వు మొహం కాస్తా రాయిలా తయారైంది. ఏదైనా చెప్పాల్సి వస్తే చెవిటి తల్లికి చెప్పేవాడు.

"అమ్మా, నీళ్ళ డబ్బాలు కడగమని చెప్పు!"

"ఏంటీ?"

"డబ్బాలు! కడగమనీ!"

షెడ్డక్క ఆ పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉండేది. ముసలమ్మకి వినబడేదాకా ఆయన అరిచేవాడు, అరిచి అరిచి దగ్గేవాడు. ఆవిడ ఈలోపే వెళ్ళి డబ్బాలు కడిగేసేది. అలా ఒక బ్యాచ్ పెరిగి పోయింది. ఆ నలభై రెండు రోజుల్లోనూ ఇంట్లో ఆ కేకలు తప్ప వేరే మాట లేదు. కార్డు ఇప్పుడు సూపర్‌వైజరే రాసుకునేవాడు.

రెండో ఉచిత బ్యాచ్ వచ్చే రోజు ఉదయం పక్క పొలం రైతు నాకు ఫోన్ చేశాడు. షెడ్డక్క మొగుడు ఊక పరుస్తూ పడిపోయాడు, ఊపిరి ఆడటం లేదు, మనుషుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి బండి లేదు, నువ్వేమైనా ఇంజక్షను వెయ్యగలవా అని. బండి మీద ఎంత తొందరగా వచ్చినా వాగు దాటేసరికే ముప్పావు గంట పట్టింది. నేను వెళ్ళేసరికి ఆయన్ని షెడ్డు ముందు చాప మీద పడుకోబెట్టారు. పోయాడు. కనురెప్పల మీద ఊక దుమ్ము అలాగే ఉంది. ముసలమ్మ కొడుకు చెవి దగ్గర నోరు పెట్టి, ఆయనకే వినబడదన్నట్టు గట్టిగా పిలుస్తోంది. షెడ్డక్క కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఏడవటం లేదు.

"ఏమైనా అన్నాడా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"వాళ్ళమ్మని పిలవమన్నాడు. చేత్తో సైగ చేశాడు" అంది.

అప్పుడే వాగు వైపు నుంచి హారన్ వినిపించింది. పిల్లల లారీ ఎప్పుడూ ఆలస్యం కాలేదు. జనాన్ని చూసి సూపర్‌వైజర్ దూరంగానే దిగి, బూట్లు విప్పి వచ్చి రెండు నిమిషాలు తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత ఆవిడ పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఇలాంటప్పుడు రావడం తప్పే. కానీ నాలుగు వేల పిల్లలు. వెనక్కి తీసుకెళ్తే దారిలోనే పోతాయి. అప్పుడు అవి కూడా మీ పేరు మీదే రాయాల్సొస్తుంది. ఒప్పందం కూడా ఆయన పేరు మీదుంది కదా, ఇక్కడ మీరొక సంతకం పెడితే..."

పక్క పొలం రైతు లేచి సూపర్‌వైజర్ చొక్కా పట్టుకున్నాడు. "నువ్వసలు మనిషివేనా?" అన్నాడు.

"నేనూ జీతగాణ్ణేనన్నా" అన్నాడు అతను. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. కాగితం మాత్రం చేతిలోంచి పోలేదు.

షెడ్డక్క లేచింది. రైతు చేతిని చొక్కా మీంచి తీసేసింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కాగితం లారీ డోరు మీద ఆనించి సంతకం పెట్టింది.

"దించండి" అంది కూలీలతో.

గుడ్డులోంచి వచ్చి ఒక్క రోజైన పిల్లలు. పెట్టెకి వంద. వాటికి నీళ్ళు తాగడం తెలియదు. ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని, ముక్కు నీళ్ళలో ఒకసారి ముంచి వదలాలి. అలా ముంచితేనే నేర్చుకుంటుంది, ముంచకపోతే దాహంతో పోతుంది. నాలుగు వేలకీ ఒక్కోదానికీ అలాగే చెయ్యాలి. ఎప్పుడూ భార్యాభర్తలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని చేసే పని అది. ఆ రోజు ఆయన కూర్చునే చోట నేను కూర్చున్నాను. ఆవిడ చేతులు గబగబా కదులుతున్నాయి, పిల్లని తీయడం, ముంచడం, వదలడం. నాకు అలవాటు లేక రెండు పిల్లలు నీళ్ళలో పడ్డాయి. ఆవిడ వాటిని తీసి చెంగుతో తుడిచి బల్బు కింద పెట్టింది.

ఎండ షెడ్డులోకి పాకింది. పక్క పొలం రైతు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"షెడ్డక్కా, ఎండెక్కుతోంది. ఇంకెంతసేపు ఉంచుతాం? తియ్యాలి."

ఆవిడ తలెత్తలేదు. చేతిలో పిల్ల ముక్కు ముంచి వదిలి, ఇంకోదాన్ని తీసుకుంది.

"ఇంకా ఎన్ని పెట్టెలున్నాయి?" అని నన్ను అడిగింది.

వెనక్కి తిరిగి చూశాను. "పదకొండు."

"అవయ్యాక వస్తానని చెప్పండి" అంది.